డ్రైవర్‌కు నేను తినిపించిన బెల్లం

ఈమధ్య టీ అంగడి ముందు నిలబడితే, మీ వయసు వాళ్లు "అన్నా, బెల్లం టీ ఒకటి" అని అడగడం వింటున్నాను. అడిగేటప్పుడు మీ ముఖాల్లో ఒక వెలుగు కనిపిస్తుంది. పుణ్యకార్యం చేసి వచ్చినవాళ్ల ముఖాల్లో ఉండే వెలుగు అది. ఉద్యోగంలో ఉన్నంత కాలం దాన్ని ఎదుటివాళ్ల ముఖాల్లో చూసి ఎగతాళి చేసినవాణ్ణి నేను. తాయెత్తు కట్టుకున్నవాణ్ణి, రాహుకాలం చూసి సెలవు చీటీ రాసేవాణ్ణి, పిల్లి ఎదురొస్తే ఆఫీసుకు ఆలస్యంగా వచ్చేవాణ్ణి, ఎవ్వరినీ వదల్లేదు. అలాంటి నేను పదవీ విరమణకు మూడేళ్ల ముందు ఒక కొత్త దేవుణ్ణి వెలయించాను. ఆ దేవుడు గుండ్రంగా, పచ్చగా ఉండేవాడు. కిలోల లెక్కన దొరికేవాడు. ఆ భక్తికి నేను బలిచ్చినంత పనిచేసింది మా వ్యాన్ డ్రైవర్‌ను.

ఆరోగ్య ప్రచారం నా ఉద్యోగం. తిరుపతి చుట్టుపక్కల ఊళ్లకు మైకు కట్టిన వ్యాన్‌లో పోయి దోమల గురించి, నులిపురుగుల గురించి, చేతులు కడుక్కోవడం గురించి చెప్పాలి. చెప్పేది నేను, తోలేది ఆయన. పద్దెనిమిదేళ్లు పక్క పక్క సీట్లలో కూర్చున్నాం. ఇంట్లో మా ఆవిడ నా మాటలు విన్నదానికన్నా ఆయన విన్నదే ఎక్కువ. అంతకన్నా పెద్ద శిక్ష నేను ఎవరికీ వేయలేదని మా ఆవిడ అంటుంది.

ఒక రోజు పైనుంచి కాగితం వచ్చింది. షుగరు వ్యాధి మీద ప్రచారం చేయాలి. కాగితంలో ఉన్న నినాదం ఒక్క ముక్క: 'తీపి తగ్గించండి.'

చదివి నాకు నీరసం వచ్చింది. చిన్నప్పటి నుంచి వాదాల్లో పెరిగినవాణ్ణి. వేదిక ఎక్కితే ఎదురుగా ఒక శత్రువు ఉండాలి, వాడి మీద వేలు చూపించాలి, సభ చప్పట్లు కొట్టాలి. 'తగ్గించండి' అన్న మాటలో శత్రువు ఏడీ? అది ఇంట్లో అత్తగారు సణిగే మాటలా ఉంది. అందుకని నేనే కూర్చుని కొత్త నినాదం రాశాను. 'తెల్ల చక్కెర తెల్ల విషం! బంగారు బెల్లం బతుకు బలం!'

మా సీనియర్ అసిస్టెంటు దాన్ని టైపు చేసిపెట్టింది. గుడి సేవలో ఉన్న వైష్ణవ కుటుంబం ఆమెది. పొద్దున్నే నుదుట శ్రీచూర్ణం దిద్దుకుని ఆఫీసుకు వచ్చేది. ఆమెను హేతువాదిని చేయాలని పదేళ్లు ప్రయత్నించి ఓడిపోయాను. టైపు చేసిన కాగితం ఇస్తూ ఆమె ఒక్క ప్రశ్న అడిగింది.

"సార్, పైనుంచి వచ్చిన దాంట్లో తగ్గించమని ఉంది. మీరు మార్చమంటున్నారు. రెండూ ఒకటేనా?"

"అమ్మా, మీరు శాస్త్రాన్ని కూడా స్తోత్రంలా అక్షరం పొల్లుపోకుండా చదువుతారు" అన్నాను. గుమాస్తాలు నవ్వారు. వాదంలో నేను గెలిచాను. ఇలాంటి గెలుపుల గురించి మీకు హెచ్చరిక చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇక డ్రైవర్ సంగతి. ఆయనకు అప్పటికే షుగరు ఉంది. మాత్రలు వేసుకుంటున్నాడు. ఏటా డ్రైవర్లకు వైద్య పరీక్ష జరుగుతుంది. కిందటేడాది అంచు మీద గట్టెక్కాడు. ఈసారి మూడు నెలల్లో మళ్లీ పరీక్ష. షుగరు గీత దాటితే స్టీరింగ్ ఇవ్వరు, తపాలా విభాగంలో కూర్చోబెట్టి కవర్లకు జిగురు పూయిస్తారు. ఆయన ఉద్యోగం ఇంకా రెండేళ్లు ఉంది. ఆ రెండేళ్లూ జిగురు పూయడం కన్నా ఆయనకు పెద్ద భయం లేదు. వ్యాన్‌ను ఆయన బండి అనేవాడు కాదు, "మనామె" అనేవాడు. "మనామెకు ఈ పొద్దు దగ్గు ఎక్కువగా ఉండాది సార్" అంటే ఇంజన్ బాగాలేదని అర్థం.

ప్రచారం మొదలైన రోజు చంద్రగిరి దారిలో ఆయన మెల్లగా అడిగాడు.

"సార్, నాకు టీలో తీపి లేకపోతే కండ్లు తెరిసుకోవు. చక్కెర మానమంటాడు డాక్టరు. మీరేమో మైకులో బెల్లం మంచిదంటా ఉండారు. నేను బెల్లం తినొచ్చునా?"

"తినొచ్చునా ఏమప్పా, తినాలి! బెల్లంలో ఇనుముంది."

"ఇనుము కోసరం ఎంత తినాల సార్?"

"ఎంత తింటే అంత ఇనుము!"

ఈ మాట అన్నది నేనే. మైకు ఆపేసి ఉంది కాబట్టి ఊరు బతికిపోయింది.

మరుసటి రోజు నుంచి ఆయన బెల్లం తినడం మొదలుపెట్టాడు. టీలో చక్కెర రెండు చెంచాలు వేసుకునే మనిషి, బెల్లం అయ్యేసరికి నిమ్మకాయంత ముక్క వేసుకున్నాడు. చక్కెర పాపం అన్న భయం ఒకప్పుడు చెయ్యి పట్టుకునేది, ఇప్పుడు బెల్లం పుణ్యం అన్న ధైర్యం ఆ చెయ్యి వదిలేసింది. పొద్దున మాత్రకు ముందొక ముక్క, మధ్యాహ్నం సంగటి తిన్నాక ఒక ముక్క, సాయంత్రం వేరుశనక్కాయలతో ఒక ముక్క. వాళ్లావిడ ఒక రోజు ఆఫీసుకు ఫోన్ చేసి నన్నే అడిగింది.

"ఏం సార్, ఈ మనిషి వారానికి రెండు కిలోల బెల్లం తెమ్మంటా ఉండాడు. ఇంట్లో పెండ్లేమన్నా ఉండాదా, మాకు జెప్పకుండా?"

"అది మందమ్మా" అన్నాను గంభీరంగా.

"మందయితే చీటీ రాసియ్యండి సార్, ఆస్పత్రిలో ఊరికే ఇస్తారేమో" అని ఫోన్ పెట్టేసింది.

ఊళ్లల్లో మా గౌరవం చూడాలి. నులిపురుగుల ప్రచారానికి పోయినప్పుడు కుర్చీ కూడా వేయనివాళ్లు, బెల్లం ప్రచారానికి పళ్లెంలో బెల్లం పెట్టి ఎదురొచ్చేవాళ్లు. ఒక ఊళ్లో పానకం, ఇంకో ఊళ్లో బెల్లం బొరుగులు, మరో ఊళ్లో పాకం పట్టిన నువ్వుండలు. తినకపోతే మా మాట మీద మాకే నమ్మకం లేదనుకుంటారు కదా! నేనూ తిన్నాను. డ్రైవర్ నా కన్నా భక్తితో తిన్నాడు.

రెండు నెలలు గడిచాక, బెల్లం పుట్టుక కళ్లారా చూసి ఫొటోలు తీసుకుందామని చిత్తూరు వైపు ఒక రైతు గానుగ దగ్గరకు పోయాం. పెద్ద పెనంలో చెరకు రసం కుతకుతలాడుతోంది. రైతు పంచె ఎగ్గట్టి తెడ్డుతో కలుపుతున్నాడు. నేను కెమెరా సర్దుకునేలోగా ఆయన పక్కనున్న సంచీ మూతి విప్పి తెల్లగా ఏదో పెనంలోకి గుమ్మరించాడు.

"ఏమది?"

"చక్కెర సార్."

కెమెరా కిందికి దించాను. నా డ్రైవర్ నా వైపు చూశాడు.

"బెల్లంలో చక్కెరా!"

"మల్ల? చక్కెర పోస్తే దిమ్మె గట్టిగా నిలస్తాది. ఇదిగో, ఈ పొడి ఏస్తే రంగొస్తాది." చిన్న పొట్లం చూపించాడు. బెల్లంలో నలుపు పోగొట్టి పచ్చగా తేల్చే రసాయనం అది.

నేను ఊరుకుంటానా! అక్కడే, ఆ పొయ్యి ముందే, ప్రసంగం అందుకున్నాను. ప్రజల ఆరోగ్యం, రైతు బాధ్యత, కల్తీ, మోసం. ఆయన తెడ్డు ఆపకుండా మొత్తం విన్నాడు.

"అయిపాయనా సార్? ఇప్పుడు నా మాట ఇనండి. మొన్న మీ బండి మా ఊరి మీద పోతా, మైకులో ఏమని అరిసినారు? బంగారు బెల్లం, బంగారు బెల్లం అని. యాడన్నా చెరుకు రసం కాంచితే బంగారం రంగొస్తాదా? నల్లగా వస్తాది. నల్లది మండీకి తీసకపోతే ముట్టుకునే నా కొడుకు లేడు. మీరు బంగారం అడిగితిరి, నేను చేసిస్తా ఉండా. మోసం నాదా, మీదా?"

డ్రైవర్ తల వంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నేను చాలా సభల్లో చాలా మందికి జవాబు చెప్పాను. ఆ రోజు పొగ కంట్లో పడిందని పక్కకు తిరిగాను.

ఇక్కడ ఆగి ఆలోచించి ఉంటే, ఈ కథ ఇంతటితో అయిపోయేది. కానీ నమ్మకం దెబ్బతిన్నప్పుడు మనిషి నమ్మడం మానడు, ఇంకొంచెం ముదురు రంగు నమ్మకం వెతుక్కుంటాడు. పచ్చ బెల్లం మోసం కాబట్టి నల్లబెల్లమే సత్యం అని అక్కడికక్కడ తేల్చేశాను.

"మీ ఇంట్లోకి ఏది వాడతారు?" అని అడిగాను.

"నల్లదే."

"అది ఇవ్వండి. ఎంత ఉంటే అంత."

డబ్బు తీసుకుని రెండు పెద్ద గంపలు ఇచ్చాడు. ఊరూరా ప్రదర్శనకు పెట్టాలని నా ఆలోచన. ఇలా ఇంకో నెల తిరిగి పరీక్ష ముందు రోజుకు వచ్చాం. ఆ రోజు ఆ గంపలతో తిరుపతికి వస్తుంటే దారిలో ఆబ్కారీ చెక్‌పోస్టు వాళ్లు వ్యాన్ ఆపారు.

మా జిల్లాలో నల్లబెల్లం గంపల కొద్దీ పోతోందంటే దాని గమ్యం వంటిల్లు అని ఎవరూ అనుకోరు. నాటుసారా బట్టీ అనే అనుకుంటారు. ఈ సంగతి ఇక్కడ పుట్టిన ప్రతివాడికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ సత్యం కనుగొన్నవాడికి ఇలాంటి చిన్న విషయాలు గుర్తుండవు. కానిస్టేబుల్ వెనక తలుపు తీసి గంపల మీది గుడ్డ ఎత్తాడు. తర్వాత వ్యాన్ పక్కన రాసి ఉన్న 'ఆరోగ్యమే మహాభాగ్యం' చదివాడు. మళ్లీ గంపల్లోకి చూశాడు.

"ఆరోగ్యం బండిలోనే సారా సరుకు! ఏం ధైర్యమప్పా మీకు!"

"ఇది తినడానికి" అన్నాను.

"యాభై కిలోలు? మీరిద్దరే?"

నేను ఇనుము గురించి వివరించడం మొదలుపెట్టాను. ఆయన లోపలున్న అధికారిని పిలుచుకొచ్చాడు. అధికారికీ ఇనుము గురించి చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "సారా కాసేవాళ్లు గూడా ఇంత బాగా అబద్ధం చెప్పలేదు సార్" అన్నాడు. ఆఫీసుకు ఫోన్ చేద్దామంటే మా పై అధికారి సమావేశంలో ఉన్నాడు. ఎండ మండుతోంది. అప్పుడు మా డ్రైవర్ వ్యాన్ దిగి వచ్చాడు. గంపలోంచి దిమ్మె ఒకటి తీసి, రాయి మీద కొట్టి, కొబ్బరి చిప్పంత ముక్క నోట్లో పెట్టుకుని వాళ్ల ముందే నమలడం మొదలుపెట్టాడు.

"సూడండి సార్... తినేదానికే... ఇంగో ముక్క తినమంటారా?"

రెండో ముక్క కూడా తిన్నాడు. మూడోది తీస్తుంటే అధికారే చెయ్యి పట్టుకున్నాడు. "చాలు, చాలప్పా! పోండి, పోండి. సారా అయితే తాగినోడు పడిపోతాడు, అంతే. ఇదేందో అంతకన్నా ఘోరంగా ఉండాది."

నా కోసం తిన్నాడు ఆ మనిషి. తెల్లారి పరీక్ష అని తెలిసి కూడా తిన్నాడు. మందు కదా అనుకున్నాడు. మందని చెప్పింది నేను.

పరీక్ష చేసింది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. నేనూ వెంట పోయాను, వేడుక చూడడానికి పోయినట్టు. కాగితం వచ్చాక ఆమె దాన్ని చూసింది, ఆయన్ను చూసింది.

"ఏం తింటున్నారు పెద్దాయనా?"

"చక్కెర ముట్టుకోలేదమ్మా. మూడు నెలలాయ. బెల్లమే, ఇనుము కోసరం."

నేను కల్పించుకున్నాను. "డాక్టరుగారూ, నిన్న ఒక ప్రత్యేక పరిస్థితిలో రెండు ముక్కలు ఎక్కువ తినాల్సి వచ్చింది. ఆ ప్రభావం..."

"సార్, ఒక రోజు తిన్న రెండు ముక్కలకు ఇంత రాదు. ఇది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష. కిందటేడాది ఏడు లోపల ఉన్నది ఈసారి తొమ్మిది దాటింది. బెల్లంలో ఉన్నది ఏమనుకున్నారు? అదీ చక్కెరే. రవ్వంత ఇనుము, రవ్వంత అదీ ఇదీ ఉంటే ఉంటుంది. ఆ రవ్వంత కోసం ఈయన కిలోలు తిన్నాడు. ఎవరు చెప్పారు ఈయనకు?"

డ్రైవర్ నన్ను చూపించలేదు. "అందరూ అంటా ఉంటారు గదమ్మా" అన్నాడు.

పద్దెనిమిదేళ్లలో నేను విన్న తిట్లన్నిటిలోకి అది పెద్దది.

మూడు నెలలు స్టీరింగ్ ముట్టుకోకూడదు, ఆ తర్వాత ఇంకో పరీక్ష, అందులోనూ గీత దాటితే శాశ్వతంగా తపాలా విభాగమే. అదీ నిర్ణయం. వ్యాన్‌కు తాత్కాలికంగా వేరే మనిషిని ఇచ్చారు. మా డ్రైవర్ కిటికీ పక్కన కూర్చుని కవర్లకు జిగురు పూశాడు. కింద వ్యాన్ కదిలిన ప్రతిసారీ లేచి చూసేవాడు. "సెకండ్ గేరులో లాగతా ఉండాడు, పాపిష్టోడు. మనామె గొంతు ఇనండి సార్ ఎట్లుండాదో." నేను వినలేక ఫైళ్లు తిరగేసేవాణ్ణి.

ఆయన్ను బాగుచేసింది సీనియర్ అసిస్టెంటు. ఆమె ప్రసంగం చేయలేదు. మొదటి రోజే తన టిఫిన్ సంచీలోంచి ఒక చిన్న చెంచా తీసి ఆయన బల్ల మీద పెట్టింది. "అన్నా, చక్కెరా బెల్లమా అని నేను అడగను. మీ ఇష్టం. ఏదైనా ఈ చెంచాతో. ఈ వారం రెండు, వచ్చే వారం ఒకటిన్నర." అంతే. మధ్యాహ్నం ఆమే గ్లాసులోకి తొంగి చూసేది. సాయంత్రం ఇంటికి పోతూ ఆయన బస్టాండు దాకా నడిచేవాడు. వాళ్లావిడకు ఫోన్ చేసి సంగటి ముద్ద సైజు కూడా తగ్గించింది ఆమె. నేను మూడు నెలల్లో చెడగొట్టినదాన్ని ఆమె మూడు నెలల్లో చెంచాతో తోడి పోసింది.

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నా నినాదం టైపు చేసిన కాగితం చించేసి, పైనుంచి వచ్చిన 'తీపి తగ్గించండి'నే వ్యాన్ మీద రాయించాను. 'బెల్లమైనా తేనెయినా తాటిబెల్లమైనా లెక్కలోకే వస్తుంది' అని మైకులో చెప్పాను. ఒక్క చప్పట్టూ పడలేదు. పళ్లెం పట్టుకుని ఎవరూ ఎదురు రాలేదు. ఒక ఊళ్లో పెద్దాయన లేచి, "పోయిన నెల తినమన్న సారు నువ్వే గదప్పా, ఈ నెల వద్దంటావు. వచ్చే నెల ఏం జెప్తావో చెప్పు, దాన్నిబట్టి పండించుకుంటాం" అన్నాడు. జవాబు చెప్పబోతుంటే మైకు కుయ్యిమంది. మైకుకు కృతజ్ఞతలు.

రెండో పరీక్ష రోజు వచ్చింది. మళ్లీ ఇద్దరం పోయాం. డ్రైవర్ గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లి చూపులకు వచ్చినవాడిలా కూర్చున్నాడు. రక్తం తీయించుకోవడానికి చెయ్యి చాపి, ఉన్నట్టుండి అన్నాడు.

"డాక్టరమ్మా, సార్‌కు గూడా సూడండి. నేను తిన్న ఊళ్లల్లో అంతా ఆయనా తిన్నాడు. మా ఆఫీసులో అసిస్టెంటమ్మ నా గలాసులోకి తొంగి సూసేది. ఈయన గలాసులోకి సూసేదానికి ఎవురికి ధైర్యం?"

"నాకేముంది? నేను ఆరోగ్యంగా ఉన్నాను" అన్నాను.

డాక్టరమ్మ సూది పట్టుకుని నవ్వింది. "రుజువు సార్?"

జీవితమంతా ఎదుటివాళ్లను రుజువు అడిగినవాణ్ణి. ఏమని తప్పించుకోను? చొక్కా చెయ్యి మడిచాను.

మధ్యాహ్నానికి రెండు కాగితాలూ వచ్చాయి. డ్రైవర్‌ది గీతకు లోపల, చక్కగా. నాది గీతకు అవతల, ఇంకా చక్కగా. ఆయన తన కాగితం నాలుగుసార్లు చదివాడు. చదివి గట్టిగా మూలిగినట్టు ఊపిరి వదిలాడు. కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత నా కాగితం తీసుకుని దాన్నీ చదివాడు, మడిచి నా జేబులో పెట్టాడు.

"రాండి సార్. మనామె కింద ఎండలో ఉండాది."

ఆ రోజు వ్యాన్‌ను తాత్కాలిక డ్రైవర్ ఆస్పత్రి దాకా తెచ్చాడు. మావాడు తాళాలు తీసుకుని, అతన్ని వెనక కూర్చోబెట్టి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాడు. బండి కదిలాక రేణిగుంట రోడ్డు దాకా ఇంజన్ గొంతు వింటూ తోలాడు. నేనూ వింటూ కూర్చున్నాను. అది కూడా పద్దెనిమిదేళ్లలో మొదటిసారి. రోడ్డు పక్కన టీ బంకు కనిపిస్తే ఆపాడు.

"రెండు టీ. చక్కెర వద్దు."

"బెల్లం ఏసేదా అన్నా? ఇప్పుడందరూ బెల్లమే" అన్నాడు బంకు మనిషి.

"బెల్లమూ వద్దు."

"తాటిబెల్లం ఉండాది. తేనె గూడా ఉండాది."

"అయ్యేమీ వద్దు."

బంకు మనిషి గరిటె ఆపి మా ఇద్దరినీ ఎగాదిగా చూశాడు. "మల్ల దాంట్లో ఏముంటాదప్పా?"

"టీ ఉంటాది" అన్నాడు మా డ్రైవర్.

తాగాను. చేదుగా, వేడిగా, నిజంగానే టీ ఉంది.